మాట చివరి ముక్క

ఓంప్రకాష్ అన్నకు,

యూసుఫ్‌గూడ నుంచి చెల్లెలు బిందు నమస్కారాలు. ఇక్కడ అమ్మ బాగుంది. మోకాళ్ల నొప్పి తగ్గింది, పొద్దున్నే కూరగాయలకు తనే వెళ్లొస్తోంది. భివండి నుంచి నీ ఉత్తరం అందింది. అన్నీ పొడిపొడి మాటలే. అయినా రాశావు, నాకు అదే చాలు.

చీరల డిజైన్లు వేసుకోవడానికి లాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ కొనాలా అని అడిగావు. రెండింటి ప్రాసెసర్లకూ ఒకే పేరు, ఒకే నంబరు ఉంటే ఇక తేడా ఏముంటుందన్నావు. మొన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. నంబరు చివర ఒక అక్షరం ఉంటుంది, తేడా అంతా అక్కడే. లాప్‌టాప్‌లోది సన్నని పెట్టెలో, చిన్న ఫ్యాన్లతో నెట్టుకురావాలి. అందుకని దానికి కరెంటు తక్కువ ఇస్తారు. మొదట్లో కాసేపు డెస్క్‌టాప్‌తో సమానంగానే ఉరుకుతుంది. వేడెక్కిందంటే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్‌లో పెద్ద ఫ్యాను ఉంటుంది, గాలి ఆడుతుంది, పొద్దంతా పనిచెప్పినా ఒకే తీరుగా చేస్తుంది. షాపువాళ్లు చూపించే పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి అందులో ఇదేదీ బయటపడదు. నువ్వు గంటలకొద్దీ ఒకచోటే కూర్చుని పనిచేస్తావు. డెస్క్‌టాపే తీసుకో.

నాకు ఇది పంజాగుట్టలో, నలుగురి ముందు తెలిసొచ్చింది.

నా పని నీకు తెలుసు కదా. మీటింగుల్లో ఎవరు మాట్లాడినా, చెవులు వినపడనివాళ్ల కోసం ఆ మాటలు వెంటనే తెర మీద అక్షరాలుగా వస్తుండాలి. కంప్యూటరు విని రాస్తుంది. అది తప్పిన చోట నేను హెడ్‌ఫోన్‌లో విని దిద్దాలి. ఇన్నాళ్లూ అమీర్‌పేట ఆఫీసు నుంచి డెస్క్‌టాప్‌నే ఆటోలో ఒళ్లో పెట్టుకుని తిప్పేదాన్ని. ఆ అవస్థ చూసి మా రాఘవేందర్ సార్ అదే నంబరు ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ తెప్పించారు. ఆఫీసులో కాసేపు నడిపి చూశాం, రెండూ ఒక్కలాగే రాశాయి.

ఆ రోజు పంజాగుట్ట హాల్లో చిన్నపిల్లల చెవి ఆపరేషన్ గురించి తల్లిదండ్రులకు చెబుతున్నారు. డాక్టర్ సూర్యనారాయణ గారు గడగడా మాట్లాడే మనిషి. ముందు వరుసలో మంజూష అని సనత్‌నగర్ ఆవిడ కూర్చుంది. ఆమెకూ వినపడదు, ఒళ్లో ఉన్న పాపకూ వినపడదు. పాపకు మర్నాడు పొద్దున్నే ఆపరేషన్.

సగం దాకా బాగానే సాగింది. హాల్లో ఏసీ పనిచేయడం లేదు. లాప్‌టాప్ ఫ్యాన్లు రొద పెడుతున్నాయని అడుగున చెయ్యి పెట్టి చూస్తే కాలింది. అప్పటినుంచి తెర మీద అక్షరాలు డాక్టర్ గారి మాట కంటే వెనకబడసాగాయి. ముందు ఒక వాక్యం, తర్వాత రెండు. ఆ దూరం అందుకోలేక మిషను వాక్యాల చివర్లు మింగేస్తోంది. తెలుగులో అవునో కాదో మాట చివర్లోనే కదా తెలిసేది. 'ఆపరేషన్ ముందు పాలు ఇవ్వ' అని వచ్చి ఆగిపోయింది. నేను 'కూడదు' అని కొట్టేశాను.

అప్పుడు మంజూష లేచి, పాప రోజూ వేసుకునే ఫిట్స్ మందు రేపు పొద్దున ఇవ్వొచ్చా అని అడిగింది. డాక్టర్ గారు జవాబు చెప్పారు. తెర మీద 'ఫిట్స్ మందు మాత్రం ఇవ్వ' అని వచ్చింది, అంతే. మంజూష కళ్లార్పకుండా తెరనే చూస్తోంది. నా వేళ్లు 'కూ' దాకా కొట్టేశాయి.

అన్నా, హెడ్‌ఫోన్‌లో సౌండు ఆ చివరికంటా పెట్టి ఉంది. అయినా ఆయన ఏమన్నారో నాకు వినపడలేదు. పాలు వద్దన్నప్పుడు మందూ వద్దనే అని ఉంటారని ఊహించి మాట పూర్తి చేయబోయాను. ఆ పాప మొహం చూశాక చెయ్యి రాలేదు. కొట్టిన అక్షరం చెరిపేసి లేచి నిలబడ్డాను.

"సార్, జర ఆగుండ్రి. మందు ఇయ్యాల్నా, వద్దా?"

ఆయన మళ్లీ చెప్పారు. పెదవులు కదిలాయి, గొంతు గుయ్యిమంది, మాట మాత్రం అందలేదు.

"ఏంటమ్మా, మిషన్ ఆగిపోయిందా?" అని దగ్గరకు వచ్చి గట్టిగా అడిగారు.

"మిషన్ స్లో అయింది సార్. నాకు సుత చెవులు వినిపిస్తలేవు."

ఈ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. హాలంతా నావైపు తిరిగింది. డాక్టర్ గారు బోర్డు దగ్గరికి వెళ్లి పెద్ద అక్షరాలతో రాశారు: ఫిట్స్ మందు తప్పకుండా ఇవ్వాలి. మానితే ఆపరేషన్ బల్ల మీదే ఫిట్స్ రావచ్చు.

ఆ మాటలే తెర మీద కొట్టాను. మీటింగ్ అయ్యాక మంజూష నా పక్కన కూర్చుని, ఒక్కో మాటా విడదీసి, "దాసుకుంట తిరిగితే అలిసిపోతవ్ చెల్లె" అంది. పాపకు ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టర్ గారే నాకు పరీక్షలు చేయించారు. చెవి నరాలు బలహీనపడుతున్నాయట. చెవులకు మిషన్లు పెట్టుకోవాలి, ఉన్న వినికిడిని కాపాడుకోవాలి. రాఘవేందర్ సార్ మొదట కోప్పడ్డారు, తర్వాత దిద్దే పని దినేశ్‌కు ఇచ్చి, నన్ను కంప్యూటర్లు చూసుకోమన్నారు. అమ్మకు నిన్ననే చెప్పాను. చాలాసేపు నా తల నిమురుతూ కూర్చుంది.

ఇక నీ ఉత్తరంలో చివరి మాట. వదినకు కడుపు పోయిందని నువ్వు ఫోన్‌లో చెబితే నేను 'మస్తు మంచిదైంది అన్న' అన్నానని రాశావు. ఆ రోజు నాకు వదిన పేరు, ఆస్పత్రి, డాక్టరమ్మ, ఇవే వినిపించాయి. వదిన కడుపుతో ఉంది కదా, అంతా బాగుందని చెబుతున్నావనుకున్నాను. ఏడాదిగా ఫోన్లో సగం విని సగం అల్లుకుంటున్నాను. జరిగింది ఏమిటో నీ ఉత్తరం చదివేదాకా నాకు తెలియదు. నా నోటి వెంట ఆ మాట వచ్చినప్పుడు వదిన నీ పక్కనే ఉందేమోనని తలుచుకుంటే తిండి సయించడం లేదు.

ఈ ఉత్తరం వదినకు నువ్వే చదివి వినిపించు. ఫోన్ ఇవ్వకు, తను ఏడ్చినా నాకు తెలియదు. ఎదురుగా కూర్చుంటే పెదవులు చూసి చాలావరకు అందుకుంటాను. సెలవు అడిగి పెట్టుకున్నాను. వదిన సరేనంటే బస్సెక్కుతాను. ఇప్పుడే చూడలేనంటే, చూడగలిగినప్పుడు వస్తాను.

ఇట్లు,
నీ మాట అందక పొరబడిన చెల్లెలు
బిందు