కూల్చి కట్టిన గది

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే ఉన్నప్పుడు చదువు. ఫోన్లో చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. నీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది, పక్కనే బావ ఉంటారు, ఏమైందని అడుగుతారు. అందుకే కాగితం తీసుకున్నాను.

ఇల్లు ఎంతవరకు వచ్చిందని నువ్వు అడిగినప్పుడల్లా "అవుతోందిలే" అని మాట దాటేస్తూ వచ్చాను. అవడం లేదక్కా. పోయిన వానాకాలానికి ముందే ఆగిపోయింది. బావ చిన్ననాటి స్నేహితుడు, "నా తమ్ముడనుకోండి, కళ్ళు మూసుకుని అప్పగించండి" అని బావ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన ఆ బిల్డరు, మమ్మల్ని సగంలో వదిలేసి పోయాడు. మేము నిజంగానే కళ్ళు మూసుకున్నాం. తెరిచేసరికి మనిషి లేడు.

మొదట్లో బాగానే వచ్చేవాడు. పునాది పడింది, పిల్లర్లు లేచాయి, ముందు గదుల మీద స్లాబు కూడా పడింది. తర్వాత్తర్వాత కొత్తల్లుడిలా ఎప్పుడో ఓసారి వచ్చి, టీ తాగి, గోడల వంక ప్రేమగా చూసి వెళ్ళిపోయేవాడు. ఒకసారి ఇసుక లారీ ఇరుక్కుపోయిందన్నాడు. ఇంకోసారి మేస్త్రీకి జ్వరం అన్నాడు. ఆ మేస్త్రీకి వచ్చిన జ్వరాలు మా క్లినిక్కులో అందరికీ కలిపి కూడా వచ్చి ఉండవు. రోజూ చీటీలు రాసేదాన్ని, నాకు తెలీదా? ఆఖరికి ఫోనెత్తడం మానేశాడు. ఇంటికెళ్తే వాళ్ళావిడ తలుపు వెనకనుంచే లేడని చెప్పి పంపేసింది.

ఇప్పుడు మా ఇంటి మెట్లు సగం దాకా ఎక్కి గాల్లో ఆగిపోయి ఉంటాయి. పిల్లర్ల మీద ఊచలు తుప్పుపట్టి ఎర్రనీళ్ళు కారుతున్నాయి. ఎదురింటివాళ్ళు వాటికి తాడు కట్టి బట్టలారేసుకుంటున్నారు. అత్తయ్య కోసమని వెనకవైపు వేయించిన గదిలో కుక్క పిల్లల్ని పెట్టింది. అత్తయ్య సంగతి నీకు తెలుసుగా. మోకాళ్ళు పట్టేసినప్పటినుంచీ ఈ అద్దె మేడ దిగి ఎరగరు. మెట్లు లేని గది, వీధి కనపడే కిటికీ, ఆవిడ అడిగింది అంతే. ఇంకెన్నాళ్ళని కూడా అడగరు. అడిగితే కొడుకు బాధపడతాడని.

నీ మరిది నన్నొక్క మాట అనలేదు, బావనీ అనలేదు. అంటే బాగుండేది. ఆయన బస్సు రోజూ ఆ వీధి చివరినుంచే వెళ్ళేది. మలుపు తిరుగుతుంటే ఇల్లు కనపడుతుంది. డిపోలో బతిమాలుకుని రూటు మార్పించుకున్నారట. ఆ మాట నాకు వేరే డ్రైవరు భార్య చెప్పింది. ఆ పూట క్లినిక్కులో ఎవరి పేరు ఎవరి చీటీ మీద రాశానో నాకే తెలీదు.

ఇంకొకటి చెప్పాలి. పనెక్కువగా ఉందని, ఒంట్లో బాగాలేదని మీ ఇంటికి రాకుండా చెప్పినవన్నీ సాకులే. బావని చూస్తే నాకు కోపం ఆగదని భయం. ఆయన చెడ్డ చెయ్యాలని చెయ్యలేదు, నాకు తెలుసు. అయినా కడుపులో రగులుతూనే ఉంటుంది. నా నోట్లోంచి ఒక్క మాట జారితే నీ కాపురంలో కూడా పొగ వస్తుంది.

అందుకే ఒక నిర్ణయానికొచ్చాం. ఉన్నది ఉన్నట్టు అమ్మేస్తాం. ఇల్లు మాకు రాసిపెట్టి లేదనుకుంటాం. బావకి మాత్రం చెప్పకు. మీ ఇద్దరి మధ్య నా ఇటుక ఒక్కటి కూడా పడకూడదు.

నీ చిన్నది

అక్కా,

ఇల్లు అమ్మలేదు. కొనడానికొచ్చిన పెద్దమనిషి చుట్టూ తిరిగి చూసి, మొత్తం పడగొట్టి నేల చదును చేసుకుంటానన్నాడు. అమ్మేశాక ఆయనిష్టం, మనకెందుకు? కానీ ఇంటికొచ్చాక నీ మరిది అన్నం కలిపిన కంచం పక్కకి నెట్టారు. "ఇంకొక్కసారి చూద్దామా?" అన్నారు. చాలా నెలల తర్వాత ఆ ఇంటి గురించి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

చూడ్డం సరే, ఎవర్ని నమ్మాలి? కిందటిసారి మనిషిని చూసి నమ్మాం. ఈసారి ఇళ్ళని చూద్దామనుకున్నాం. కొత్త ఇళ్ళు కాదు. కొత్తింట్లో ఎవరైనా నవ్వుతూనే ఉంటారు. కట్టి కొన్నేళ్ళయిన ఇళ్ళు. వానలు పడుతుండగానే, ఇద్దరం గొడుగేసుకుని సెలవురోజుల్లో వీధులు పట్టుకు తిరిగాం. తలుపు కొట్టి, "మీ ఇల్లు కారుతుందాండీ?" అని అడగడం. కొందరు మమ్మల్ని ఎగాదిగా చూసి తలుపేసుకున్నారు. ఒకాయన మాత్రం చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి లాక్కుపోయి, మంచం మీద పెట్టిన బకెట్టు చూపించి, తనకి కట్టినవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఇన్నాళ్ళకి వినేవాళ్ళు దొరికారని మమ్మల్ని వదిలిపెట్టలేదు.

అలా తిరుగుతూ ఒక టైలరమ్మ ఇంటికెళ్ళాం. గోడలు కాగితంలా పొడిగా ఉన్నాయి, ఒక్క బీట లేదు. ఎవరు కట్టారని అడిగితే ఆవిడ మొహం మాడిపోయింది. "ఆవిడ పేరు నా దగ్గర ఎత్తకండి. అడిగినచోట బాల్కనీ వెయ్యనంది. మా తమ్ముడు సగం ధరకి తెచ్చిన సిమెంటుని గుమ్మంలోంచే వెనక్కి పంపించింది. ఇల్లయ్యాక మా ఇద్దరికీ మాటల్లేవు," అంది. లేవబోయాం. మిషను తొక్కుతూనే, తలెత్తకుండా అంది: "ఆవిడ మొహం నేను చూడను. ఇల్లు మాత్రం ఆవిడ చేతే కట్టించుకోండి."

స్నేహితుడి సిఫారసు మీద ఒకసారి మునిగాం కదా, ఈసారి శత్రువు సిఫారసు పట్టుకుని వెళ్ళాం.

ఆ కాంట్రాక్టరమ్మని అందరూ కాదమ్మ అంటారు. ఏది అడిగినా ముందు "కాదు" అంటుందని. ఆవిడకీ తెలుసు, పిలిస్తే పలుకుతుంది. పొడుగ్గా, ఎముకలు గట్టిగా ఉంటుంది. సన్నటి వీధిలో కూడా లారీని వెనక్కి తిప్పించే గొంతు. ఇటుకలు మోసే పనిలో మొదలుపెట్టి, మేస్త్రీగా ఎదిగి, ఇప్పుడు తన కింద పాతికమందిని పెట్టుకుంది. నీ మరిది సోమవారం మొదలుపెడతారా అని అడిగితే, కాదు, చేతిలో ఉన్న ఇల్లు పూర్తవ్వాలి, అంతవరకు ఆగలేకపోతే వేరేవాళ్ళని చూసుకోండి అంది. ఎప్పుడొచ్చి చూస్తుందో మాత్రం చెప్పింది. చెప్పిన రోజు, చెప్పిన వేళకి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడుచుకుంటూ వచ్చింది. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. వస్తానన్న మనిషి రావడం ఎలా ఉంటుందో మర్చిపోయాం అక్కా.

గోడలు తట్టింది, మెట్ల కింద దూరి చూసింది, కుక్కని బుజ్జగించి వెనక గదిలో చాలాసేపు కూర్చుంది. ముందు భాగం ఫరవాలేదనిపిస్తోంది, వెనక గదే నచ్చలేదంది. "అక్కడక్కడా తవ్వి చూడగలను. ఇల్లంతా తవ్వలేను కదా. లోపల ఏం వేశాడో, ఏం వెయ్యలేదో కట్టినవాడు వచ్చి చెప్పాలి. వాడు చెప్పేదాకా దీనిమీద నేను ఇటుక పెట్టను. మీ పెద్దావిడ పడుకునే గది ఇది," అంది.

నీ మరిదికి నవ్వొచ్చింది, ఏడవలేక. వాడే వస్తే మాకు మీరెందుకండీ అన్నారు. ఆవిడ నవ్వలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ మీద కోపం రాలేదు నాకు. ఇంటికొస్తూ దారంతా, ఇలాంటి మనిషి ముందే దొరికుంటే ఎంత బాగుండేది అనుకున్నాను. కానీ ఆ బిల్డరుని ఎవరు తేగలరు? బావ ఒక్కరే. బావని అడగను. కాబట్టి మళ్ళీ మొదటికే వచ్చాం.

నీ చిన్నది

బావగారికి,

నమస్కారం. మీ పెళ్ళయినప్పటినుంచీ మీతో తగువులాడాను, మీ జేబులో చిల్లర కాజేశాను, మీ సైకిలు ఎక్కి పడ్డాను గానీ మీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. అక్క నా మాట నిలబెట్టలేదని, అన్నీ మీతో చెప్పేసిందని నాకు ఎప్పుడో అర్థమైంది, నిన్న తనే ఒప్పుకుంది. ఇంత మంచి పని చేసి కూడా భయపడుతూ చెప్పింది, పిచ్చిది. ఆదివారం మేం ఇల్లు మారుతున్నాం, మీరు రానంటున్నారట. మీరు చూడనివి కొన్ని ఉన్నాయి. అవి విన్నాక మీ ఇష్టం.

మీ స్నేహితుడు ఒక ఉదయం ఒక్కడే నడుచుకుంటూ మా ఇంటి దగ్గరికొచ్చాడు. అంతకుముందు స్కూటరు దిగకుండా మాట్లాడే మనిషి. చొక్కా వదులైపోయింది, గడ్డం పెరిగింది. మీ తోడల్లుడు చూడగానే పిడికిళ్ళు బిగించారు. కాదమ్మకి కబురు పెట్టాను. ఆవిడ వచ్చి, ఎవర్నీ ఏమీ అననివ్వకుండా, ఇసుకకుప్ప మీద అతన్ని కూర్చోబెట్టి టీ తెప్పించింది. జబ్బు మనిషిని డాక్టరు అడిగినట్టు నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. ఇక్కడ ఎంత లోతు తవ్వావు, అక్కడ గట్టినేల తగిలిందా, ఈ మెట్లలో ఊచలు ఎంత దగ్గరగా వేశావు. అతను కాసేపు అటూ ఇటూ చెప్పి, తర్వాత అన్నీ చెప్పేశాడు. నాలుగిళ్ళు ఒకేసారి ఒప్పుకుని, ఒకరి సామాను ఇంకొకరి ఇంటికి సర్దుకుంటూ వచ్చాడట. ముందు భాగం శుభ్రంగానే కట్టాడు గానీ మెట్లలో ఊచలు తగ్గించేశాడు. వెనక గది పునాది గుంటలో నీళ్ళూరుతుంటే ఆగాల్సింది, ఆగకుండా కాంక్రీటు పోసేశాడు. పోసినప్పటినుంచీ ఆ గోడ కూలినట్టు కలలొస్తుంటే ఇటువైపు రావడమే మానేశాడు.

కాదమ్మ అంతా విని ఒక్కటే అంది. "ఇది ముందే చెప్పుంటే ఆ రోజే సరిచేసేవాళ్ళం. సమ్మెట ఉంది, పట్టు. నువ్వు లేపిన మెట్లు నువ్వే దించు."

పట్టుకున్నాడు బావగారూ. మధ్యాహ్నం దాకా కొట్టాడు. చేతులు బొబ్బలెక్కాయి. వెళ్ళేటప్పుడు, ఇన్నాళ్ళకి ఎలా రావాలనిపించిందని నేనడిగాను. గోడకేసి చూస్తూ చెప్పాడు: "మీ బావ రోజూ పొద్దున్నే వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చున్నాడమ్మా. తిడితే ఎదురు తిట్టేవాణ్ణి. తిట్టలేదు. మా ఆవిడ మంచినీళ్ళిస్తే తాగి, తన కొట్టు తెరిచే వేళకి లేచి వెళ్ళిపోయేవాడు. వాన పడుతున్నా వచ్చాడు. తలుపు సందులోంచి వాణ్ణి అలా చూడలేకపోయాను."

అప్పటిదాకా నాకు తెలీదు. ఇటుకల చాటుకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. అతను మర్నాడు కూడా వస్తానన్నాడు, రాలేదు. రాడని ముందే అనుకున్నాను, నిజం చెప్పాడు, అంతవరకు చాలు అంది కాదమ్మ.

వెనక గది కూల్చాలని ఖాయమైంది. అత్తయ్యకి ఎలా చెప్పడం? ఇంకేదైనా కారణం చెబుదామన్నాను. కాదమ్మ ఒప్పుకోలేదు. తనే మా అద్దె మేడ ఎక్కి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, మంచం పక్కన కింద కూర్చుంది. "పెద్దమ్మా, నీ గది పడగొడుతున్నాను. కింద నేల గట్టిగా లేదు. ఈ ఏడు నిలబడొచ్చు, పై ఏడు నేను చెప్పలేను," అంది. అత్తయ్య మంచం మీద లేచి కూర్చున్నారు. మళ్ళీ కడతావా అని అడిగారు. కడతానంది. అయితే కిటికీ కాస్త కిందకి పెట్టు, పడుకుంటే కూడా వీధి కనపడేలా అన్నారు అత్తయ్య. ఆ కోరిక ఇన్నాళ్ళూ మా ఎవ్వరికీ చెప్పలేదు ఆవిడ. అడిగితే కదా చెప్పడానికి.

అప్పటినుంచి ప్రతి వారం కాదమ్మ మేడెక్కి అత్తయ్యకి లెక్క అప్పజెప్పేది. ఏం అయింది, ఏం కాలేదు, ఎందుకు కాలేదు. ఒకసారి తన మనిషి తప్పుచేసి కిటికీ చట్రం వంకర పెట్టాడు, తీయించి మళ్ళీ పెట్టిస్తున్నాను, అందుకని ఆలస్యమని చెప్పింది. అలాంటప్పుడు కబురు పంపొచ్చు కదా అని మీ తోడల్లుడు అంటే, "మంచి మాటైతే ఎవరి చేతైనా పంపొచ్చు. చెడ్డమాట మోసుకురావాలంటే మనిషే రావాలి," అంది. నాకు ఆ మాట వినగానే మీరు గుర్తొచ్చారు. మీరూ అంతేగా. మీ మాట తప్పిపోయిందని తెలిసిన రోజున కబుర్లు పంపలేదు, మా దగ్గరికొచ్చి సంజాయిషీలు చెప్పలేదు. వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నారు.

ఇంతకాలం మీ మీద కోపం పెట్టుకున్నాను. అది ఇప్పుడు ఎక్కడుందో వెతికినా దొరకడం లేదు. మోసపోవడం ఎవరికైనా జరుగుతుంది. మీరు తెచ్చినవాడు మమ్మల్ని ముంచితే, ఆ బరువు భుజానేసుకుని తిరిగినవాళ్ళు మీరొక్కరే. ఏ మొహం పెట్టుకుని రావాలి అన్నారట అక్కతో. ఆ మొహమే పెట్టుకుని రండి. మేం చూడాలనుకుంటున్నది అదే.

గది అయిపోయింది. గోడలు ఆరాయి. కిటికీ మంచం ఎత్తుకే ఉంది. అత్తయ్య బట్టలన్నీ మూటగట్టుకుని మూట మీద చెయ్యేసుకుని కూర్చున్నారు, మేం మర్చిపోతామేమో అన్నట్టు. ఆవిణ్ణి ఈ మేడమీంచి కుర్చీతో సహా దించాలి. కుర్చీకి ఒకవైపు మీ తోడల్లుడు పట్టుకుంటారు. రెండోవైపు పట్టుకోవడానికి మేం ఎవర్నీ పిలవలేదు.

మీ మరదలు