మిగిలిన టాలెన్స్

గురువారం, మిర్యాలగూడ

కోదాడ కాలేజీ నుంచి బస్సులో నిలబడే వచ్చాను. వేళ్ల మీది సిల్వర్ నైట్రేట్ మరకలు సబ్బుకు పోలేదు. అన్నం కలుపుతుంటే నల్లగా కనిపించాయి.

ఈరోజు ఇంటర్ పిల్లలకు, సిల్వర్ నైట్రేట్‌తో కలిపే టాలెన్స్ ద్రావణంతో ఆల్డిహైడ్ పరీక్ష చేయించాను. టెస్ట్‌ట్యూబ్ లోపల వెండి అద్దంలా అంటుకోగానే అందరూ అందులో మొహాలు చూసుకున్నారు. అంతవరకే బాగుంది.

సాయంత్రం ల్యాబ్ సర్దుతూ బీరువా తెరిస్తే, పొద్దున మిగిలిన ద్రావణం మూత బిగించిన సీసాలో ఉంది. అది ఏ పూటకాపూట కలుపుకోవాలి. మిగిలితే యాసిడ్ పోసి పారబోయాలి. నిల్వ ఉంచితే పేలుతుంది. అటెండర్ సైదులన్న మీద పిల్లల ముందే అరిచాను.

"ఎన్నిసార్లు చెప్పిన అన్నా? గది లేచిపోతది!"

"రేపు ఇంకో బ్యాచ్ ఉన్నది గద మేడం. మీరు పొద్దటి సంది నిలబడే ఉన్నరు. మళ్ల కలుపుడు మీకు తిప్పలని దాచిన."

నీళ్లు కలిపిన నైట్రిక్ యాసిడ్ పోసి, పారబోసి, సీసా కడిగాను. ఇదివరకు కూడా ఇలాగే దాచాడా? బస్సు తప్పిపోతుందని వెనక అరలు చూడనే లేదు. రేపు వెళ్లగానే చూడాలి...

అరిచినందుకు బాధగా ఉంది. అరవకపోతే ఎలా అనీ ఉంది. అలసిపోతానని తలచి, ఎవరైనా నాకోసం ఏదైనా దాచిపెట్టి ఎన్నాళ్లయిందో. ఇన్నాళ్లకు ఒకరు దాచారు. దాన్ని నా చేతులతోనే పారబోసి వచ్చాను.