బీరన్న విన్న డోలు

హైదరాబాదు, 11-8-1998. పొద్దుటి నుంచి ముసురు. తమ్ముడి ధోతి ఉతికి దవాఖాన వరండాలో ఆరేశాను.

అమ్మా గుర్వమ్మా, బావ దీవెనలు. నీ పెనిమిటికి ప్రాణభయం లేదు, ఫికర్ పడకు. నాకు మాత్రం ఒళ్లు మండుతోంది. జ్వరంతో మాట పోయిన బీరన్నకు శబ్దం తెలుస్తోందో లేదో చూస్తామని నిన్న మెదడు ఫోటోలు తీసే మిషనులో పడుకోబెట్టారు. చెవుల్లో రేడియో వార్తల వంటి మాటలు వినిపించారు. వాడు ఉలకలేదు. ఇంతలో మిషనే డబడబా మోగింది. మన బీరప్ప దేవుడి పండుగ డోలు అనుకున్నాడు కాబోలు, కాళ్లు ఆడించాడు. ఫోటోలన్నీ చెడిపోయాయి.

"కదలొద్దన్నం గదా! గీయన తలకు శబ్దమే ఎక్కుతలేదు," అని మిషను నడిపే ఆయన కసిరాడు.

"ఎక్కకుంటే డోలుకెట్ల ఎగిరిండు సారూ?" అన్నాను. తలకు బెల్టు బిగించమన్నాడు, పశువుకు కట్టినట్టు!

పెద్ద డాక్టరమ్మ వచ్చే శుక్రవారం మళ్లీ చూస్తానంది. అప్పుడూ ఫోటోల్లో శబ్దం తెలిసిన జాడ కనిపించకపోతే మాట నేర్పే గదికి పంపరట, ఇంటికి తోలేస్తారట. మన ఇంటి శబ్దాలు కాసెట్టులో తెస్తే వినిపిస్తానంది. పక్కింటి మక్సూద్ దగ్గర టేపురికార్డరు అడుగు. సాయంత్రం నువ్వు గొర్రెలను పిలిచే కూత, వాణ్ణి తిట్టే తిట్లు పట్టి జడ్చర్ల బస్సు కండక్టరుకు ఇవ్వు. కుంటి గొర్రెకు మందు పోశారా? అవ్వకు దండాలు. నలుగురూ వింటారని సిగ్గుపడి మెల్లగా తిట్టేవు. ఈ మిషను చప్పుడును మించి వినబడాలి.

నీ బావ మల్లప్ప