అన్నయ్య హస్తవాసి

జూలై 8, సోమవారం

డయాలసిస్ వార్డులో ఈ రోజు కొత్త అడ్మిషన్లన్నీ ఆడవాళ్లే. నేను నర్సుగా చేరిన కొత్తలో ఈ మంచాల మీద యాభై దాటిన మగవాళ్లుండేవారు. ఇప్పుడొచ్చే వాళ్లకి ముప్ఫై, ముప్ఫై ఐదు. గోళ్లలో ఇంకా పొలం మట్టి. ఇదేం ఖర్మ?

జూలై 10

ఏం మాత్రలు మింగుతున్నారో అందరినీ అడగమన్నారు మా వార్డు డాక్టరు జగదీశ్వరి మేడమ్. మగవాళ్లు వలసపోయాక ఊడుపుల పనంతా వీళ్ల మీదే పడింది. మడిలో దిగే ముందు టీతో ఒక నొప్పి మాత్ర వేసుకుంటారట. మాటిమాటికీ ఒంటికి గట్టెక్కాల్సి వస్తుందని పొద్దంతా నీళ్లు తాగరట. వంచిన నడుం ఎత్తక్కర్లేదు సిస్టరమ్మా, అంత బాగా పని సేస్తాది అని మూడో మంచం మీది తవిటమ్మ నవ్వుతూ చెప్పింది. ఎవరిస్తారంటే, నౌపడ నరసింగరావు డాక్టరుగారు, ఆయన హస్తవాసి మంచిది అంది.

నరసింగరావు మా అన్నయ్య. డాక్టరు కాదు, ఊళ్లో ఆర్‌ఎంపీ.

జూలై 11, సాయంత్రం 6

ఆ మాత్రలతోనే కిడ్నీలు పోతున్నాయని అన్నయ్యని ఫోన్లో కడిగేశాను. మొదట కసురుకున్నాడు. తర్వాత, అమ్మ మీద ఒట్టు, ఇంక ఇవ్వనే అన్నాడు. నమ్మాను.

ఆగస్టు 2

తవిటమ్మ డిశ్చార్జి. మా అన్నయ్య మాట తప్పడని మేడమ్‌తో గొప్పగా చెప్పాను.

ఆగస్టు 19

అమ్మను తెచ్చారు. మొహం, కాళ్లు వాపు. ఒకటి చుట్టూ ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది.

కొంగు ముడిలో అవే మాత్రలు. మోకాళ్ల నొప్పులకి ఏడాదిగా అన్నయ్యే ఇస్తున్నాడట. ఒట్టు వేశాక కూడా మానలేదు. రాజీకి సెప్పకమ్మా, గోల సేస్తాది అన్నాడట. అమ్మ చెప్పలేదు. పోయిన నెల ఆ పాదాలు పట్టి చూసి వాపేంటని నేనడిగితే, ఎండకే అంది.

ఇద్దరూ కలిసి నన్ను మోసం చేశారు. అన్నయ్య కంటే అమ్మ మీదే ఎక్కువ మండుతోంది. ఏడుపు కూడా రావడం లేదు.

ఆగస్టు 20

అన్నయ్య వచ్చాడు. అమ్మకి కూడానా అని అడిగాను. అమ్మే అడిగినాది, నాను ఇవ్వకపోతే ఇంకొకడి దగ్గరికి ఎలిపోద్ది, అప్పుడు ఊళ్లో నా పేరేటవుతాది అన్నాడు. ఇంతలో పక్క మంచాల వాళ్లు లేచి కూర్చుని అతనికి దండాలు పెట్టారు.

ఆగస్టు 23

డయాలసిస్ అయ్యాక అమ్మ, మీ అన్న నర్సింగు ఇచ్చే మాత్ర ఒక్కటి ఇయ్యవే అని గొణిగింది. బి-కాంప్లెక్స్ ఒకటి చేతిలో పెట్టి, అన్నయ్య పంపాడన్నాను.

కాసేపటికి, నొప్పి తగ్గిపోనాదే అంది.