అర్పా ఇసుక కింద ఉన్న ఆయిలు గురించి

బిలాస్‌పూర్,
మంగళవారం.

నది శుభ్రత పనుల ప్రత్యేక అధికారి శ్రీ వేణుగోపాల్ గారి సముఖమునకు,
రైల్వే షెడ్డులో ఖలాసీగా చేసి రిటైరైన త్రినాథరావు, అర్పా నది గట్టు కింది వీధి కాపురస్తుడు, రాసుకొను అర్జీ.

అయ్యా,

ముందుగా నా చేతిరాతను, తప్పులను క్షమించాలి. మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆగిపోయాను. తర్వాత చేతికి పానా వచ్చింది, కలం మళ్ళీ రాలేదు. మా పిల్లలకు తెలుగు రాయడం రాదు, హిందీలో రాసిస్తామన్నారు. తమరు తెలుగువారని తమ ఆఫీసు గుమాస్తా తిరుమలరావు గారు చెప్పినందున నేనే రాస్తున్నాను. నాకు నోటితో చెప్పడం చేత కాదు. తమ గదిలోకి ఒకసారి వచ్చి, నమస్కారం పెట్టి, మాట రాక తిరిగి వెళ్ళిపోయాను. తమరు తల కూడా ఎత్తలేదు.

విషయం: ఆయిలు టాంకరు పడిన చోట నది శుభ్రమైనదని తమరు ఇచ్చిన కాగితం రద్దు చేసి, ఇసుక ఎత్తించి, అంతవరకు మా వీధికి నీళ్ళ బండి తిరిగి పంపుట గురించి.

1. హోళీ వెళ్ళిన వారంలో రతన్‌పూర్ వైపు నుంచి వస్తున్న ఆయిలు టాంకరు వంతెన దిగే చోట పల్టీ కొట్టి నదిలో పడినది తమకు తెలిసిన విషయమే. ఎండాకాలం గనుక నది సన్న పాయగా ఉంది. నల్లటి మడ్డాయిలు ఆ పాయను కప్పేసి మా రేవు దాకా వచ్చింది. చేపలు తెల్లగా తేలాయి. కొంగ ఒకటి కాళ్ళు నల్లబడి, రెక్కలు అతుక్కుపోయి, ఎగరలేక ఇసుకలో కూర్చుంది. పిల్లలు సబ్బు పెట్టి కడిగారు. తెల్లారేసరికి చచ్చిపోయింది. ఇసుకలో వేసిన దోసపాదులు వారంలో మాడిపోయాయి. వీటి గురించి తమ కాగితంలో ఒక్క ముక్క లేదు.

2. మేము చేసిన పని కూడా దాచకుండా రాస్తున్నాను. మా వీధిలో సగం మంది షెడ్డు నుంచి రిటైరైనవాళ్ళం. షెడ్డులో నేల మీద ఆయిలు ఒలికితే ముందు ఇసుక చల్లుతాం. ఇసుక ఆయిలు పీల్చుకున్నాక పారలతో ఎత్తి బయట పారేస్తాం. అదే అలవాటు. తమ మనుషులు వచ్చేలోపు ఊరకే చూస్తూ కూర్చోవడం ఎందుకని, ముసలివాళ్ళమంతా తట్టలు పట్టుకొని ఒడ్డు పొడుగునా ఇసుక పోశాం. షెడ్డు నేల సిమెంటు. నది నేల ఇసుకే. ఇసుక మీద ఇసుక పోస్తున్నామన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. చదువుకున్న తమకూ తట్టలేదు. తమరు గట్టు మీద నిలబడి “శభాష్, మనవాళ్ళు” అన్నారు. ఫొటోలు తీయించారు, బిస్కెట్లు పంచారు.

3. ఎత్తే పని మర్నాడు పెట్టుకున్నాం. మర్నాటికి తమవాళ్ళు తాడు కట్టి, ఎవరూ దిగకూడదన్నారు. తాడు విప్పేసరికి బోర్డు పెట్టి ఉంది. నది శుభ్రమైనది, నీరు వాడుకోవచ్చును, అని. పైన తెల్లటి ఇసుక చూసి తమరు కాగితం రాసేశారు. గట్టు దిగలేదు. బూటు తడవలేదు. ఆయిలు పడ్డాక మా వీధికి తమరు పంపుతున్న నీళ్ళ బండి, కాగితం వచ్చిన రోజు నుంచి బందు. నాకు మాత్రం ప్రశంసాపత్రం పంపారు. దానిని ఈ అర్జీతో తిప్పి పంపుతున్నాను. మా ఇంట్లో దానిని తగిలించుకొనే గోడ లేదు.

4. ఎండాకాలంలో మా వీధి చేతిపంపు ఎండిపోతుంది. అప్పుడు ఇసుకలో చెలమ తవ్వుకొని ఆ నీళ్ళే తాగుతాం. ఇక్కడివాళ్ళు ఝిరియా అంటారు. ఎప్పటి నుంచో అదే ఆధారం. ఇప్పుడు ఎక్కడ తవ్వినా మోచేతి లోతు దాకా తెల్ల ఇసుక, ఆ కింద నల్ల ఇసుక. ఊరిన నీటి మీద రంగురంగుల పొర.

మా ఇంటిది అప్పయమ్మకు కిడ్నీలో రాళ్ళు. డాక్టరు గారు నీళ్ళు బాగా తాగకపోతే ప్రమాదమన్నారు. చెలమ నీళ్ళు మరిగించి వడగట్టి ఇచ్చాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని, “ఇది నీ డ్యూటీ చొక్కా వాసన. ఇన్నేళ్ళు ఉతికినాను, నాకు తెలీదేటి? ఉతికీసిన నీళ్ళు తాగమంటావేటి?” అంది. పింఛనుతో క్యాను నీళ్ళు కొని తెస్తే మనవలకు పోసేస్తోంది. తాను తాగినట్టు నాకు చూపించడానికి పెదవులు తడుపుకొని గ్లాసు దించేస్తుంది. నేను చూస్తాను, అడగను. మధ్యాహ్నం అయ్యేసరికి నడుము పట్టుకొని గోడకు జేరబడుతుంది. నొప్పా అంటే లేదంటుంది. తమరు చేసిన సంతకానికి నా భార్య గుక్కలు లెక్క పెట్టుకుంటోంది. ఇది తమ ఫైలులో ఏ కాలమ్‌లో రాస్తారో నాకు తెలియదు.

5. పోయిన వారం అమ్మన్న నన్ను తోడు తీసుకొని తమ ఆఫీసుకు వచ్చాడు. అమ్మన్న నాతో పాటు షెడ్డులో చేసినవాడు, మాట్లాడగలడు. తమరు మీటింగులో ఉన్నారన్నారు. తిరుమలరావు గారు ఇసుక పోసిన నాటి ఫొటోలు తెచ్చి మా ముందు పరిచారు. అందరి కన్నా ముందు తట్టతో నేనే ఉన్నాను.

“బాబాయ్ గారూ, ఇసుక పోసింది మీరే కదా? మీరు పోసింది మీరే తీసుకోవాలి. మా పని అయిపోయింది” అన్నారు.

“తీసీసి ఎక్కడ పెట్టమంటావు బాబూ? నీ నెత్తి మీదేటి?” అన్నాడు అమ్మన్న.

“అది మాకు సంబంధం లేదు. నది గవర్నమెంటుది, ఇసుక మీది. ఎక్కడైనా పెట్టుకోండి.”

ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వమన్నాం. అచ్ఛా అచ్ఛా అని టీ తాగడానికి లేచిపోయారు.

కావున మనవి ఏమనగా, తప్పుడు కాగితం రాసినవారే దానిని రద్దు చేయవలెను. యంత్రం తెప్పించి నల్ల ఇసుక అడుగంటా ఎత్తించవలెను. నీళ్ళ బండి రేపే పంపవలెను. టాంకరు ఎవరిదో, వారి నుంచి ఏమి వసూలు చేస్తారో మాకు అక్కరలేదు. ఆ సంగతి పెద్దవాళ్ళు పెద్దవాళ్ళు చూసుకుంటారు, మాకు తెలుసు.

ఇది ఫైలు అట్టల మధ్యకు పోకుండా, తమరే స్వయంగా, అవసరమైతే కళ్ళద్దాలు పెట్టుకొని చిత్తగించవలెను.

ఆదివారం వరకు తమ విధేయుడు,
త్రినాథరావు

ఆదివారం వరకు అని ఎందుకు రాశానో చెప్పాలి. ఆ రోజు మేము ఇసుక ఎత్తుతున్నాం. అమ్మన్న మేనల్లుడు ట్రాక్టరు ట్రాలీ ఇస్తానన్నాడు. ఒడ్డున పోస్తే మొదటి వానకు మళ్ళీ నదిలోకే పోతుంది. వీధిలో పోస్తే పిల్లలు ఆడతారు. ఎక్కడైనా పెట్టుకోమన్నారు గనుక తమ ఆఫీసు ఆవరణలో పెడుతున్నాం. అలాంటి ఇసుకను ఏమి చేయాలో తెలిసిన ఆఫీసు ఈ ఊళ్ళో తమదొక్కటే. అప్పయమ్మ కూడా ట్రాలీ ఎక్కి వస్తానంటోంది. తమ వరండాలో చల్లనీళ్ళ మిషను ఉందని అమ్మన్న చెప్పాడు. డాక్టరు గారు చెప్పినన్ని నీళ్ళు తాగేదాకా అక్కడి నుంచి లేవదట. నేను లేవమనను. ముందు గేటులో పూలకుండీలు ఉన్నాయి, ట్రాలీ తిరగదు. వెనక గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలియజేస్తూ జవాబు త్వరగా పంపండి. రాకపోతే కుండీలు మేమే జరుపుకుంటాం.