అల్తాఫ్ ఫోన్‌లో నా గొంతు

అక్టోబర్ 28, సోమవారం, కరీంనగర్

కాన్పులో చావు దాకా పోయి వచ్చిన ఆడవాళ్ల మనసు కుదుటపడటానికి మా టీమ్ చేస్తున్న ఫోన్ సర్వీస్‌కు నా గొంతే ఖాయమైంది. చదువు రానివాళ్లుంటారని అంతా వాయిస్. ప్రశ్న విని, అవునంటే ఒకటి నొక్కాలి. మర్నాడు జవాబుకు తగ్గ మాట ఫోన్‌కు వెళ్తుంది. ఒక్క మాటే పదిసార్లు రికార్డ్ చేశాను. "బిడ్డను ఎత్తుకోబుద్ధి అయితలేదా చెల్లె, అది నీ తప్పు కాదు." పదోసారికి నాకే కళ్లలో నీళ్లొచ్చాయి. నా గొంతంటే నాకంత మురిపెం.

అక్టోబర్ 30, జమ్మికుంట

ఆశా కార్యకర్త కోమల లిస్ట్ ఇచ్చింది. అందులో నౌషీన్ అనే అమ్మాయి. కాన్పయ్యాక రక్తం ఆగక మూడు రోజులు ఐసీయూలో ఉందట. నంబర్ మాత్రం భర్త అల్తాఫ్‌ది. ఇక్కడ అందరివీ మొగోళ్ల నంబర్లే మేడమ్, చూసుకోండి అంది కోమల. పర్లేదన్నాను. డెడ్‌లైన్ దగ్గరపడింది.

నవంబర్ 3, ఆదివారం

బిడ్డను ఎత్తుకోబుద్ధి అయితలేదా అన్న ప్రశ్నకు నౌషీన్ ఒకటి నొక్కింది. డాష్‌బోర్డ్‌లో చూసి, సర్వీస్ పనిచేస్తోందని సంబరపడ్డాను.

నవంబర్ 5

ఆదివారం ఫోన్ ఇంట్లో ఉంది. సోమవారం అల్తాఫ్ వెంట పత్తి మార్కెట్‌కు పోయింది. మా జవాబు కాల్ రాగానే చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టాడట. కాంటా దగ్గర పదిమంది విన్నారు. నా గొంతు, అంత ప్రేమగా.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. అప్పటినుంచి బిడ్డ నానమ్మ దగ్గరే. పాలకు మాత్రం నౌషీన్‌కు ఇస్తారట, అదీ పక్కనే నిలబడి. కోమల ఇదంతా మెల్లగా చెప్పింది. తిట్టినా బాగుండేది.

నవంబర్ 8, జమ్మికుంట

వెళ్లాను. అత్త షహర్ బానో చాయ్ ఇచ్చింది. నేను నోరు తెరవగానే గుర్తుపట్టింది.

"గా ఫోన్ల మాట్లాడింది నువ్వే గదా బిడ్డా. ఎవలన్న వింటరని జర సుత సోంచాయించలేదా?"

ఆలోచించాల్సింది, తప్పు నాదే అన్నాను. చచ్చి బతికిన మనిషికి అలా అనిపించడం ఉంటుందని, తగ్గుతుందని, బిడ్డను దూరం చేస్తే ఎక్కువవుతుందని చెప్పాను. విన్నది గానీ నమ్మలేదు. పిల్లకు ఏమన్నా అయితే నువ్వొస్తావా అని అడిగింది. నౌషీన్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. సిగ్గుతో అటు చూడలేకపోయాను. చాయ్ సగంలోనే వదిలేసి వచ్చాను.

నవంబర్ 9

మొదటి ప్రశ్న ఇదే ఉండాల్సింది: ఈ ఫోన్ నీ దగ్గరే ఉంటుందా? టీమ్‌లో ఎవరికీ తట్టలేదని రిపోర్ట్‌లో రాశాను. అబద్ధం. కోమల నాకు ముందే చెప్పింది.

నవంబర్ 12, ఉదయం 11:20

కోమల ఫోన్ నుంచి నౌషీన్.

"అక్కా, నాకు ఏం చెప్పినవో అందరు విన్నరు, నేనే వినలే. ఒక్కసారి చెప్పరాదు."

పదిసార్లు చెప్పిన మాట. ఈసారి ముందు, పక్కన ఎవరున్నారని అడిగాను. కోమలక్క ఒక్కతే అంది, ఫోన్ పెట్టెయ్యలేదు.