పెరటి బల్లకు అందని సిగ్నల్

భవన కార్యాలయంలోని నెట్‌వర్క్ ఇంజనీరు అమ్మాయికి, మూడో అంతస్తులోని విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు ఆశీర్వదించి వ్రాయునది.

మన భవనపు వైఫై వెనుక గుమ్మం వరకు మర్యాదగా సాగనంపి, నాలుగడుగులు దాటగానే చేయి విడిచిపెడుతున్నది. పెరటి తోటలోని సిమెంటు బల్ల దాకా రాదు. నాకు ఆ బల్లే ముఖ్యం. ప్రతి సాయంకాలం మా అక్కయ్యకు ఫోనులో ఒక మహాకావ్యం చదివి వినిపిస్తాను. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. చూపు ఆనదు, వినికిడి అంతంతమాత్రం. ఇంట్లో గొంతెత్తి చదివితే నెలల మనుమరాలు లేస్తుంది. మనుమరాలు లేస్తే కోడలు నా వంక చూస్తుంది. అందుకే తోట. ఇంకా రెండు ఆశ్వాసాలున్నాయి. అవి వినకుండానే ఆమె వెళ్ళిపోతుందేమోనని నా బెంగ.

ఇట్లు, మాస్టారు.

తా.క. నిన్న నాయకుడు విల్లు ఎక్కుపెట్టగానే సిగ్నల్ పోయింది. పాపం, ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు.

మాస్టారికి నమస్కారాలు.

వెనుక గుమ్మం పక్కన, బల్లకు ఎదురుగా, ఆరుబయట వాడే వైఫై పెట్టె బిగించాను. చూసి చెప్పండి.

మీ ఇంజనీరు.

తా.క. ఇక బాణం వదిలేయమనండి.

చిరంజీవి ఇంజనీరుకు ఆశీస్సులు.

మూడు రోజులు అమృతంలా వినిపించింది. నాలుగో రోజు వాన పడింది. అంతే, మీ పెట్టె మూగనోము పట్టింది. దానికి వానంటే భయమనుకుంటాను.

ఇట్లు, మాస్టారు.

తా.క. తడుస్తుంటే చూడలేక నాకు చేతనైన ఉపచారం చేశాను. దాని ఆరోగ్యం గురించి బెంగ వద్దు.

మాస్టారికి నమస్కారాలు.

నా కంప్యూటరులో పెట్టె బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తోంది. ఎందుకైనా మంచిదని శక్తి పెంచాను. తడి ఆకులు కూడా సిగ్నల్‌ను కొంత ఆపుతాయి. ఫోను కాస్త ఎత్తుగా పట్టుకుని చూడండి.

మీ ఇంజనీరు.

చిరంజీవి ఇంజనీరుకు ఆశీస్సులు.

మీరు చెప్పినట్లే బల్లనెక్కి, చేయి పైకెత్తి, వీరరసం చదివాను. సిగ్నల్ రాలేదు కాని జనం వచ్చారు. నేను సంఘం ఎన్నికలలో నిలబడ్డానని భ్రమించి, మొదటి అంతస్తు ఆయన నీళ్ళ సరఫరా గురించి నిలదీశారు.

ఇట్లు, మాస్టారు.

తా.క. నీళ్ళ విషయం చూస్తానని మాట ఇచ్చేశాను.

మాస్టారికి నమస్కారాలు.

నిన్న నేను వచ్చి మీ ఉపచారం విప్పాను. ముక్కాలిపీట ఎక్కి మీరు పెట్టెకు బోర్లించి కట్టిన స్టీలు బేసినే అసలు దోషి. లోహం సిగ్నల్‌ను దాటనివ్వదు. ఆ పెట్టె వానలో తడవడానికే పుట్టింది, జాలిపడకండి.

బేసిను తీశాక సిగ్నల్ నిండుగా వచ్చింది. అయినా అక్కయ్యగారు ప్రతి పద్యానికీ "వినపడలేదురా, మళ్ళీ చదువు" అన్నారు కదా. మీరు కళ్ళజోడు కోసం పైకి వెళ్ళినప్పుడు ఫోను తీసుకుని, మెల్లగానే అడిగాను, "అమ్మమ్మగారూ, నా మాట వినపడుతోందా?" అని.

"శుభ్రంగా వినపడుతోందమ్మా," అన్నారు. "వాడితో చెప్పకు. ఇదివరకు పండక్కో పబ్బానికో ఫోను చేసేవాడు. కావ్యం అయిపోతే మళ్ళీ అంతేగా."

చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఫిర్యాదు మూయాలంటే కారణం రాయాలి. పెట్టెలో ఏ లోపమూ లేదు, మాస్టారూ.

మీ ఇంజనీరు.

చిరంజీవి ఇంజనీరు తల్లికి అనేక ఆశీస్సులు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సాయంకాలం అక్కయ్యకు ఫోను చేసి, "వానల వల్ల కథ నీకు సరిగా అందలేదు, మొదటి ఆశ్వాసం నుండి మళ్ళీ చదువుతాను" అన్నాను. ఆమె, "నిదానంగా చదువు, తొందరేముంది" అంది.

కనుక నా విన్నపం ఒక్కటే. ఫిర్యాదు మూయవద్దు. మరమ్మతు ఇంకా సాగుతున్నదనే వ్రాసి ఉంచండి.

ఇట్లు, మాస్టారు.

తా.క. ఇది పన్నెండు ఆశ్వాసాల కావ్యం. దీని తరువాత చదవడానికి పద్దెనిమిది ఆశ్వాసాలది ఒకటి దుమ్ము దులిపి పెట్టాను.